గోదావరి డెల్టా బడులలో వర్షారణ్యాల పాఠం: ఉపాధ్యాయులు తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో ఉన్నత పాఠశాల పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్న నన్ను, వర్షారణ్యాల పాఠం వచ్చినప్పుడల్లా తోటి ఉపాధ్యాయులు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే తీరుగా ఉంటాయి. మొదటి కొన్నేళ్లు నేను అమెజాన్ పటాన్ని గోడకు తగిలించి, అడవిలోని నాలుగు అంతస్తుల పేర్లు నల్లబల్ల మీద రాయించేదాన్ని. పిల్లలు వాటిని కంఠస్థం చేసి పరీక్షలో రాసేవారు. బడి వెనుకనున్న కొబ్బరితోటలోకి తీసుకువెళ్లి కోకో చెట్టు దగ్గర నిలబెట్టిన ఏడాది నుంచి మాత్రమే వాళ్లు తిరిగి నన్ను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ఇక్కడి సమాధానాలన్నీ ఆ అనుభవం మీద ఆధారపడి రాసినవే.

వర్షారణ్యం, సతత హరితారణ్యం అనే రెండు మాటలకూ అర్థం ఒకటేనా?

పాఠ్యపుస్తకాల్లో ఈ రెండు మాటలనూ ఒకదాని బదులు మరొకటి వాడుతుంటారు కాబట్టి పిల్లలు తికమకపడటం సహజం. ఏడాది పొడవునా చెట్లన్నీ ఒకేసారి ఆకు రాల్చకుండా పచ్చగా ఉండే అడవి ఏదైనా సతత హరితమే. మన మడ అడవులు కూడా ఆ లెక్కన సతత హరితాలే. వర్షారణ్యం అనాలంటే ఆ పచ్చదనానికి తోడు అధిక వర్షం, దాదాపు ప్రతి నెలా తడి, అంతస్తులుగా పెరిగిన ఎత్తైన చెట్లు ఉండాలి. సాధారణంగా ఏడాదికి 2000 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే భూమధ్యరేఖా ప్రాంతాల్లో, అంటే దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహకం, ఆఫ్రికాలోని కాంగో పరీవాహకం, ఆగ్నేయాసియాలోని బోర్నియో, సుమత్రా, న్యూగినీ దీవులలో ఇవి విస్తారంగా ఉన్నాయి. మన దేశంలో పశ్చిమ కనుమల పడమటి వాలులు, అండమాన్ నికోబార్ దీవులు, ఈశాన్య రాష్ట్రాలలోని కొన్ని భాగాలు ఈ కోవకు వస్తాయి. ‘వర్షారణ్యాలు అమెరికాలో ఉంటాయి’ అని ఒక్క వాక్యంతో ముగించే అలవాటును మానుకుని, కేరళలోని సైలెంట్ వ్యాలీ పేరు కూడా తప్పక చెప్పండి. అక్కడ ఆనకట్ట కట్టాలన్న ప్రయత్నాన్ని ప్రజలు, శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వ్యతిరేకించిన తరువాత 1984లో ఆ అడవిని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. సింహపుతోక కోతి ఆ అడవుల సొంత జంతువు.

మన డెల్టాలోనూ వానలు బాగానే పడతాయి కదా, ఇక్కడ వర్షారణ్యం ఎందుకు లేదు?

ఇది పిల్లలు అడగగలిగే ప్రశ్నల్లో చాలా మంచిది, దీనికి ఒక పూర్తి తరగతి కేటాయించినా తక్కువే. మన దగ్గర ఏడాదికి సుమారు 1100 నుంచి 1200 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అందులో అధిక భాగం తొలకరి నుంచి కార్తీకం వరకు, అంటే నైరుతి రుతుపవనాల కాలంలోనూ ఆ వెంటనే వచ్చే తుపానుల కాలంలోనూ పడిపోతుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు ఆకాశం దాదాపు ఖాళీగా ఉంటుంది; ఆ నెలల్లో దాళ్వా, అంటే రెండో పంట వరి, పండేది కాలువ నీటితోనే గాని వాన నీటితో కాదు. వాతావరణ శాస్త్రంలో కొప్పెన్ వర్గీకరణ ప్రకారం అసలైన వర్షారణ్య శీతోష్ణస్థితిలో అన్నిటికంటే పొడి నెలలో కూడా కనీసం 60 మిల్లీమీటర్ల వర్షం కురవాలి. అందువల్ల ఏడాది మొత్తం మీద ఎంత వాన పడిందన్నది ఒక్కటే చాలదు, అది పన్నెండు నెలలకూ ఎలా పంచబడిందన్నది కూడా చూడాలి. మేఘాలయలోని మాసిన్‌రాంలో ఏటా సుమారు 11,800 మిల్లీమీటర్ల వాన కురిసినా, చలికాలంలో అక్కడి ఊళ్లు తాగునీటికి ఇబ్బంది పడతాయని చెబితే పిల్లలకు ఈ తేడా వెంటనే అర్థమవుతుంది.

బడి తెరిచిన జూన్ నెలలోనే, నిటారుగా ఉన్న ప్లాస్టిక్ సీసా మెడ కోసి, తలకిందులుగా గరాటులా అందులోనే అమర్చి, అడుగు చదునుగా ఉండే వరకు గులకరాళ్లు పోసి, స్కేలు అతికించి వర్షమాపకం తయారుచేయించండి. రోజూ ఉదయం ఒకే వేళకు కొలిచి గోడ మీది పట్టికలో రాయించండి. మార్చి నాటికి ఆ పట్టికలో వరుసగా కనిపించే సున్నాలే ఈ ప్రశ్నకు జవాబు చెబుతాయి.

మారేడుమిల్లినీ పాపికొండలనూ వర్షారణ్యాలని చెప్పవచ్చా?

అలా చెప్పకూడదు. 2008లో జాతీయ ఉద్యానవనమైన పాపికొండల అడవి చాలావరకు తేమతో కూడిన ఆకురాల్చు అడవి. మారేడుమిల్లి వైపు లోయల్లో, వాగుల వెంట పాక్షికంగా సతత హరితమైన తావులు ఉన్న మాట నిజమే, వర్షాకాలంలో అక్కడికి వెళ్లినవారికి అది వర్షారణ్యంలా కనిపించడమూ నిజమే. కానీ ఫిబ్రవరి, మార్చి నెలల్లో అదే ఘాట్‌రోడ్డు మీద ప్రయాణిస్తే ఆకులు రాల్చి మోడులుగా నిలిచిన చెట్లు కనిపిస్తాయి. ఒకే వంపు దగ్గర ఆగస్టులోనూ మార్చిలోనూ తీసిన రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టి చూపడం మంచి పద్ధతి.

పాఠాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి?

కోకో చెట్టు కింద మొదలుపెట్టాలని నా అభిప్రాయం. కోకో అమెజాన్ అడవిలో పుట్టిన చెట్టు; అక్కడ పెద్ద చెట్ల నీడలో, కింది అంతస్తులో పెరుగుతుంది. మన రైతులు దాన్ని కొబ్బరి కింద అంతరపంటగా వేయడానికి కారణం కూడా ఆ నీడను ఓర్చుకునే గుణమే. దేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రాల్లో మనది ముందు వరుసలో ఉంది, అందులోనూ గోదావరి జిల్లాల తోటలదే పెద్ద వాటా. అంటే వర్షారణ్యపు చెట్టు ఒకటి మన పిల్లల ఇళ్లకు కూతవేటు దూరంలో ఉండగా మనం దాన్ని వదిలి గోడ మీది పటాన్ని చూపిస్తున్నాం.

తోటలో పిల్లల చేత నాలుగు ఎత్తుల్లో చూపు నిలిపించండి: పైన కొబ్బరి మట్టలు, వాటి కింద పోక, అరటి, ఆ కింద కోకో, నేల మీద కంద, పసుపు, రాలిన ఆకులు. వర్షారణ్యంలో కూడా ఇలాగే అందరికంటే పైకి తల ఎత్తిన మహావృక్షాలు, ఆ కింద ఒకదానికొకటి అల్లుకున్న పచ్చని పందిరి, దాని కింద చిన్న చెట్లు, చివరగా చీకటి నేల ఉంటాయి. ఫోనులో వెలుతురును కొలిచే యాప్‌తో రోడ్డు మీద ఒకసారి, తోట మధ్యలో ఒకసారి, కోకో గుబురు కింద ఒకసారి కొలిపించి, రోడ్డు మీది వెలుతురులో అది ఎన్నో వంతో లెక్క కట్టించండి. వర్షారణ్యపు నేలకు చేరేది పైన పడే వెలుతురులో సుమారు రెండు శాతమే. మన తోటలో అంత తక్కువ రాదు, ఎందుకంటే కొబ్బరి మట్టల సందుల నుంచి ఎండ ధారాళంగా దిగుతుంది. ఆ తేడాను దాచకుండా పిల్లల చేతనే చెప్పించండి.

ఆ తరువాత కోకో బోదెను చూపండి. పువ్వులూ కాయలూ కొమ్మల చివర కాకుండా నేరుగా కాండం మీద, లావైన కొమ్మల మీద వస్తాయి. ‘పనసలాగా’ అని ఎవరో ఒకరు తప్పక అంటారు. పనస కూడా పశ్చిమ కనుమల తడి అడవుల్లో పుట్టిన చెట్టేనని అప్పుడు చెప్పండి. పందిరి కింద ఎగిరే చిన్న పురుగులకూ, నేల మీద తిరిగే జంతువులకూ అందేలా కాండం మీదే పూయడం, కాయడం వర్షారణ్యపు చెట్లలో తరచుగా కనిపించే లక్షణం. కోకో పువ్వును ఫలింపజేసేది తేనెటీగ కాదు, కంటికి సరిగా ఆనని, దోమను పోలిన చిన్న పురుగు. అది కుళ్లుతున్న తడి ఆకుల్లో గుడ్లు పెడుతుంది కాబట్టి, తోటను మరీ శుభ్రంగా ఊడ్చేస్తే కాపు తగ్గే అవకాశం ఉంటుంది. రాలిన ఆకు చెత్త కాదన్న విషయం పిల్లలకు ఇక్కడ మొదటిసారి తగులుతుంది.

ఇలా చెబితే పిల్లలు తోటనే అడవి అనుకోరా?

అనుకుంటారు, ఆ భ్రమను మనమే కలిగించాం కాబట్టి మనమే తీర్చాలి. తోటలో ఉన్న చెట్ల రకాలను లెక్క పెట్టించండి. పది దాటితే గొప్ప. అమెజాన్‌లోని కొన్ని తావుల్లో ఒక్క హెక్టారులో, అంటే మన లెక్కలో సుమారు రెండున్నర ఎకరాల్లో, రెండు వందలకు పైగా చెట్ల జాతులు ఉంటాయి. ఒక జాతి చెట్టును చూసిన తరువాత అదే జాతికి చెందిన మరో చెట్టు కోసం చాలా దూరం నడవాల్సి రావచ్చు.

ఎందుకలా అన్న ప్రశ్నకు 1970 ప్రాంతంలో డేనియల్ జాన్జెన్, జోసెఫ్ కానెల్ అనే శాస్త్రవేత్తలు వేర్వేరుగా ఒకే తీరు సమాధానం ఇచ్చారు. తల్లిచెట్టు కింద ఆ జాతికే ప్రత్యేకమైన పురుగులు, తెగుళ్లు పోగుపడి ఉంటాయి కాబట్టి అక్కడ పడిన విత్తనం బతకడం కష్టం, దూరంగా పడినది బతుకుతుంది, మధ్యలో ఇతర జాతులకు చోటు దొరుకుతుంది. ఈ సంగతి మన రైతుకు కొత్త కాదు. కొబ్బరి పక్కనే కొబ్బరి, మైళ్ల కొద్దీ కొబ్బరే ఉన్న చోట సర్పిలాకార తెల్లదోమ ఒక తోట నుంచి మరో తోటకు ఎంత త్వరగా పాకిందో, ఆకులు ఎలా నల్లబడ్డాయో పిల్లలు చూసే ఉంటారు. రబ్బరు చెట్టు కథ కూడా చెప్పండి. అది అమెజాన్‌లో చెదురుమదురుగా పెరిగే చెట్టు. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఆంగ్లేయుడు దాని విత్తనాలు సుమారు 70,000 బ్రెజిల్ నుంచి లండన్‌లోని క్యూ ఉద్యానవనానికి చేర్చాడు, వాటి సంతతే ఆసియాలోని రబ్బరు తోటలకు మూలమైంది. తరువాత 1928లో హెన్రీ ఫోర్డ్ సంస్థ అమెజాన్‌లోనే రబ్బరును వరుసల్లో నాటి పెంచబోయినప్పుడు, ఆ అడవిలోనే పుట్టిన ఆకుమాడు తెగులు, పురుగులు ఆ తోటలను దెబ్బతీశాయి, 1945లో ఆ భూమిని తిరిగి అమ్మేయాల్సి వచ్చింది. పుట్టిన చోట గుంపుగా పెంచితే బతకని చెట్టు, శత్రువులు లేని పరాయి చోట గుంపుగా బతికింది.

అంత పచ్చని అడవి కింద నేల సారం లేనిదంటే పిల్లలు నమ్మడం లేదు. ఎలా నమ్మించాలి?

ఈ పాఠంలో డెల్టా పిల్లలకు అన్నిటికంటే కష్టమైనది ఇదే, ఎందుకంటే వాళ్ల కళ్ల ముందున్న సాక్ష్యం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇక్కడ పచ్చదనం ఉన్న చోట నేల సారవంతమే. దక్కన్ పీఠభూమి నల్లరాతి మీదుగా గోదావరి మోసుకొచ్చిన ఒండ్రు వేల ఏళ్లుగా పరుచుకుని ఈ నేల ఏర్పడింది, సార్వా, దాళ్వా అని ఏడాదికి రెండు పంటలు పండినా అది ఇంకా పండుతూనే ఉంది. అందువల్ల మీరు ‘వర్షారణ్యపు నేల పేదది’ అని చెప్పగానే తరగతిలో కనీసం ఒక రైతు బిడ్డ ‘అయితే అంత పెద్ద చెట్లు ఎలా పెరిగాయండీ’ అని అడగాలి. అడగకపోతే పాఠం చెవికి ఎక్కలేదని గ్రహించండి.

నేను ఇచ్చే పోలిక ఇది. మన నేల గాదె నింపుకున్న ఇల్లు. ఒక ఏడు పంట పోయినా కొన్నాళ్లు తిండికి లోటు ఉండదు. వర్షారణ్యం ఏ రోజు కూలి ఆ రోజే వండుకునే ఇల్లు. పొయ్యి ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, గాదె మాత్రం ఖాళీ. లక్షల ఏళ్లుగా కురిసిన వానలు అక్కడి నేలలోని పోషకాలను కడిగేసి ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలిన ఎర్రమట్టిని మిగిల్చాయి. పోషకాలలో ఎక్కువ భాగం చెట్ల ఒంట్లోనే ఉంటుంది. ఆకు రాలగానే వేడికీ తడికీ శిలీంధ్రాలు, చెదలు, బ్యాక్టీరియా దాన్ని త్వరత్వరగా కుళ్లబెడతాయి, వేళ్లతో పెనవేసుకుని జీవించే శిలీంధ్రాలు ఆ పోషకాలను మళ్లీ చెట్టుకే అందిస్తాయి. వేళ్లు కూడా లోతుకు పోకుండా పైపొరలోనే పరుచుకుంటాయి, ఎందుకంటే ఆహారం ఉన్నది అక్కడే. అంత ఎత్తు చెట్టు పైపై వేళ్లతో నిలబడలేదు కాబట్టి కాండం అడుగున పలకల్లా విచ్చుకున్న వేళ్లు ఊతంగా వస్తాయి. బూరుగు చెట్టు మొదలు దగ్గర ఇలాంటి పలకలను మన ఊళ్లలోనూ చూపవచ్చు.

అడవిని నరికి కాల్చినప్పుడు బూడిదతో రెండు మూడేళ్లు పంట బాగా పండి, ఆ తరువాత నేల చతికిలపడటానికి కారణం కూడా ఇదే: గాదె లేని ఇంట్లో కూలి ఆగిపోయింది. మరో విషయం, అమెజాన్‌కు కొంత భాస్వరం ఆఫ్రికా నుంచి గాలిలో వస్తుంది. చాద్ దేశంలో ఎండిపోయిన ఒక ప్రాచీన సరస్సు గర్భం నుంచి లేచిన ధూళి అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటి ఆ అడవి మీద పడుతుంది. దానితో ఏటా సుమారు 22,000 టన్నుల భాస్వరం చేరుతుందని ఉపగ్రహాల ఆధారంగా లెక్కకట్టారు. డీఏపీ బస్తా ధర తెలిసిన పిల్లలకు ఇది బాగా గుర్తుండిపోతుంది.

ప్రయోగం తేలికే. కూరగాయల వల సంచుల్లో ఒకే బరువున్న మామిడి ఆకులు, అరటి ఆకులు, కొబ్బరి పీచు విడివిడిగా నింపి, జూలైలో ఒక జట్టు, ఫిబ్రవరిలో ఒక జట్టు తోటలో ఆకుల పొర కింద ఉంచి, వారానికోసారి తీసి తూచండి. వానాకాలపు సంచి ఎంత త్వరగా తేలికవుతుందో, వేసవి సంచి ఎంత నెమ్మదిస్తుందో పోల్చి, ఏడాదంతా జూలైలాగే ఉండే చోట ఏమవుతుందో పిల్లలనే ఊహించమనండి.

అమెజాన్ అంతా పేద నేలేనా? వరద రాదా?

వస్తుంది, ఆ మినహాయింపును లంక గ్రామాల పిల్లలకు తప్పక చెప్పాలి. ఆండీస్ పర్వతాల నుంచి మట్టిని మోసుకొచ్చే నదుల ఒడ్డున అడవి ఏటా నెలల తరబడి నీట మునుగుతుంది. మధ్య అమెజాన్‌లో నీరు పది మీటర్ల వరకు కూడా పెరుగుతుంది. ఆ ఒడ్డు నేలలు మన లంక నేలల్లాగే ఒండ్రుతో బలపడతాయి. నీరు చెట్ల కొమ్మలను తాకే ఆ కాలంలో చేపలు అడవిలోకి ఈదుకొచ్చి రాలిన పండ్లను తింటాయి, విత్తనాలను దూరంగా వదిలి అడవిని నాటుతాయి.

ఆ చేపల్లో ఒకటి మన చెరువుల్లోనే ఉంది. రైతులు రూప్‌చంద్ అని పెంచే చేప అమెజాన్, ఒరినోకో నదులకు చెందినది, పిరాన్హాకు దగ్గరి చుట్టం. గట్టి కాయలను కొరికే దాని పళ్లు మనిషి పళ్లలా ఉంటాయి. చేపల మార్కెట్ నుంచి ఒక తల తెప్పించి ఆ దవడను చూపించండి. ఆ పళ్ల ఆకారం ఏ తిండికి తగినదో పిల్లలే చెబుతారు. చెరువు నుంచి కాలువల్లోకి దాన్ని వదలకూడదని కూడా అప్పుడే చెప్పడం మంచిది.

గుర్రపుడెక్క కూడా అక్కడిదేనా?

అవును. మన కాలువలను, డ్రెయిన్లను కప్పేసి నీరు పారనివ్వని గుర్రపుడెక్క అమెజాన్ పరీవాహకం నుంచి అందమైన పువ్వు కోసం దేశదేశాలకు చేరిన మొక్క. సొంత చోట దాన్ని తినే ముక్కుపురుగులు ఉన్నాయి, ఏటా నీటిమట్టంలో వచ్చే పెద్ద మార్పులు దాన్ని ఒడ్డుకు నెట్టి ఎండగడతాయి. ఇక్కడ ఆ పురుగులు సహజంగా లేవు, ఎరువుల పొలాల నుంచి దిగిన నీరు మాత్రం దండిగా ఉంది. ఆహార జాలం నుంచి ఒక్క జీవిని వేరుచేసి మరో చోట పెడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

వర్షారణ్యాలు భూమికి ఊపిరితిత్తులు, 20 శాతం ఆక్సిజన్ ఇస్తాయి అని రాయించవచ్చా?

రాయించవద్దు. ఎదిగిన అడవి పగలు కిరణజన్య సంయోగక్రియలో ఎంత ఆక్సిజన్ విడుదల చేస్తుందో, ఆ చెట్ల శ్వాసక్రియకూ, రాలిన ఆకులు కుళ్లడానికీ దాదాపు అంతా ఖర్చయిపోతుంది. గాలిలోని 21 శాతం ఆక్సిజన్ కోట్ల ఏళ్లుగా పోగుపడినది. రేపు ఒక అడవి పోయినంత మాత్రాన మనకు ఊపిరి ఆడకపోవడం జరగదు. ఈ మాట చెబితే అడవి విలువ తగ్గుతుందేమోనని కొందరు భయపడతారు, కానీ తప్పు కారణంతో నిలబెట్టిన గౌరవం పెద్ద తరగతుల్లో కూలిపోతుంది. అసలు కారణాలు చాలినన్ని ఉన్నాయి: చెట్ల ఒంట్లో దాగిన కర్బనం, నేల మీది జీవజాతుల్లో సగానికి పైగా అక్కడే ఉండటం, వాన.

చెట్లు వానను తెస్తాయనడం శాస్త్రీయమేనా?

వర్షారణ్యాల విషయంలో ఇది కొలిచి చూపిన సంగతి. 1970లలో బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనీయాస్ సలాటి వాన నీటిలోని ఆక్సిజన్ ఐసోటోపులను (ఒకే మూలకానికి చెందిన వేర్వేరు బరువుల పరమాణువులను) పరీక్షించి, సముద్రం నుంచి వచ్చిన తేమ అమెజాన్ మీదుగా పడమటికి సాగేటప్పుడు అడవి దాన్ని మళ్లీమళ్లీ ఆవిరిగా పంపుతున్నదని, అక్కడి వానలో సుమారు సగం అలా తిరిగి వచ్చినదేనని చూపాడు. ఆ తేమ ఆండీస్‌ను తాకి దక్షిణానికి మళ్లి, దూరంలోని పొలాలకు వానగా దిగుతుంది. దానిని అక్కడివారు ఎగిరే నదులు అంటారు.

ఎండలో ఉన్న జామకొమ్మకు పలుచని ప్లాస్టిక్ సంచి కట్టి, రెండు పీరియడ్ల తరువాత లోపల పేరుకున్న నీటిని కొలిపించండి. పక్కనే ఎండుకొమ్మకు కూడా ఒక సంచి కట్టడం మరువకండి, అది లేకపోతే ప్రయోగం సగమే. నీరు పడినప్పుడు ఆకు ఎలా ఆరుతుందో చూపాలంటే రావి ఆకును, నాటు బాదం ఆకును పక్కపక్కన తడపండి. రావి ఆకు తోకలాంటి కొన నుంచి నీరు బొట్లు బొట్లుగా జారిపోతుంది. నిత్యం తడిసే వర్షారణ్యంలో ఆకు మీద నాచు, బూజు పట్టకుండా చాలా చెట్లకు ఇలాంటి కొనలే ఉంటాయి.

చెట్టు మీద చెట్టు పెరగడాన్ని ఎక్కడ చూపాలి?

పొలం గట్టున తాటిచెట్టును చుట్టుకున్న మర్రిని చూపండి. పక్షి రెట్టతో పైన పడిన విత్తనం అక్కడే మొలిచి, ఊడలను కిందికి దింపి, నేలను అందుకుని, చివరకు ఆధారమిచ్చిన చెట్టునే కమ్మేస్తుంది. వర్షారణ్యాల్లో ఇదే జాతికి చెందిన చెట్లు వెలుతురు కోసం ఇదే దారి పట్టాయి. తాటి కాండం ఏటేటా లావెక్కదు కాబట్టి బిగింపుకు వెంటనే చావదు. నీడ వల్ల క్రమంగా నష్టపోతుంది. మామిడి మీది బదనికను మాత్రం దీనితో కలపకండి, అది చెట్టు రసాన్ని పీల్చే పరాన్నజీవి. వర్షారణ్యపు ఆర్కిడ్లు కొమ్మను పీటగా వాడుకుంటాయే గాని కొమ్మ నుంచి ఆహారం తీసుకోవు.

కోరింగ మడ అడవికి తీసుకువెళితే పాఠానికి ఉపయోగమేనా?

ఎంతో ఉపయోగం, అయితే అది వర్షారణ్యం కాదని ముందే చెప్పి తీసుకువెళ్లాలి. కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యం 1978లో ఏర్పడింది, సుమారు 235 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గలది. వర్షారణ్యపు చెట్టు పోరాటం వెలుతురు కోసం. మడచెట్టు పోరాటం ఉప్పుతోనూ, గాలి ఆడని బురదతోనూ. అందుకే ఇక్కడ వేళ్లు బురద నుంచి మేకుల్లా పైకి లేచి గాలి పీలుస్తాయి, పొన్న జాతి చెట్ల గింజలు తల్లిచెట్టు మీదే మొలకెత్తి కిందికి జారతాయి. చెట్ల రకాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, కానీ ఆకు రాలి కుళ్లి, రొయ్య పిల్లకూ పీతకూ తిండిగా మారే గొలుసు వర్షారణ్యపు గొలుసుకు దగ్గరి పోలిక. బావురుపిల్లి, నీటికుక్క కనిపిస్తాయని పిల్లలకు మాట ఇవ్వకండి; వాటి అడుగుజాడలు బురదలో కనిపించినా అదృష్టమే. పోటు, పాటు వేళలు తెలుసుకుని పాటు సమయంలో వెళ్లండి, అప్పుడే వేళ్లు కనిపిస్తాయి. చెక్కల బాట దిగనివ్వకండి, ముఖ్యంగా తిల్ల చెట్టు కొమ్మ విరవనివ్వకండి, దాని పాలు కంట్లో పడితే ప్రమాదం.

కోరింగ దూరమైన బడులవారు ఏం చేయాలి?

కడియం నర్సరీలకు వెళ్లండి. ఇళ్లలో నీడపట్టున పెంచే మాన్‌స్టెరా, ఆంథూరియం, ఫిలోడెండ్రాన్ వంటి మొక్కల్లో చాలావరకు వర్షారణ్యాల కింది అంతస్తులవి. గదిలోని మసక వెలుతురు వాటికి సరిపోవడానికి కారణమదే.

పిల్లల బొమ్మల్లో సింహం, ఏనుగు, అనకొండ ఒకే అడవిలో ఉంటున్నాయి. దిద్దాలా?

దిద్దాలి. అనకొండ దక్షిణ అమెరికాలోనే ఉంటుంది, ఒరాంగుటాన్ బోర్నియో, సుమత్రాలలోనే, జిరాఫీకి చుట్టమైన ఒకాపి కాంగో అడవిలోనే. సింహానికి ఇష్టమైనది గడ్డి మైదానం. ప్రపంచ పటం మీద ఎవరి అడవికి వారిని చేర్చే ఆట ఒక్కటి చాలు.

ఆయిల్‌పామ్ గురించి చెబితే రైతుల పిల్లలు నొచ్చుకోరా?

జాగ్రత్తగా చెప్పకపోతే నొచ్చుకుంటారు. ఆయిల్‌పామ్ పశ్చిమ ఆఫ్రికా తడి అడవుల నుంచి వచ్చిన చెట్టు. డెల్టాకు ఆనుకున్న ఏలూరు మెట్ట ప్రాంతం దేశంలోనే ఆ సాగుకు ముఖ్యమైనది, పెదవేగిలో దాని మీద జాతీయ పరిశోధన సంస్థ కూడా ఉంది. మన మెట్టలో ఆ తోటలు ఎక్కువగా వచ్చింది అంతకుముందు వేరే పంటలు పండిన భూముల్లో. బోర్నియో, సుమత్రాలలో మాత్రం ఆ తోటల కోసం వర్షారణ్యాన్నే నరికిన చోట్లు విస్తారంగా ఉన్నాయి. కాబట్టి తప్పు చెట్టుదీ కాదు, దాన్ని సాగుచేసే రైతుదీ కాదు. ఏ నేల మీద, దేన్ని తొలగించి నాటారన్నదే ప్రశ్న. మన వంటింటి పామాయిల్‌లో ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచి వస్తున్నదే కాబట్టి ఈ చర్చ మనదే. పిల్లలను ఇంట్లోని బిస్కెట్ పొట్లాల మీద పదార్థాల పట్టిక చదివి రమ్మనండి, తీర్పు మాత్రం వాళ్లకే వదలండి.

అడవిలో ఉండే మనుషుల గురించి ఎంత చెప్పాలి?

పాఠ్యపుస్తకం చెప్పేదానికంటే ఎక్కువ చెప్పాలి. వర్షారణ్యం మనిషి అడుగు పడని చోటు కాదు. అమెజాన్‌లో యూరోపియన్లు రాక ముందే అక్కడి ప్రజలు బొగ్గు, ఎముకలు, వంటింటి వ్యర్థాలు కలిపి పేద ఎర్రమట్టిని సారవంతమైన నల్లమట్టిగా మార్చిన తావులు నేటికీ ఉన్నాయి. మన వైపు పాపికొండల్లో కొండరెడ్లు చేసే పోడును ‘అడవి నాశనం’ అని ఒక్క మాటలో రాయించడం అన్యాయం. చిన్న ముక్కను సాగుచేసి, ఏళ్ల తరబడి బీడుగా వదిలి, మళ్లీ అడవిని రానిచ్చే పద్ధతికీ, వేల ఎకరాలను శాశ్వతంగా పశువుల మేతభూమిగా మార్చడానికీ తేడా పిల్లలకు తెలియాలి. అమెజాన్‌లో అడవి పోవడానికి పెద్ద కారణం ఆ పశువుల మేతే.

ఎన్ని పీరియడ్లు పడుతుంది, పరీక్షలో ఏమడగాలి?

ఎనిమిది, తొమ్మిది తరగతులకు తరగతి గదిలో ఆరు పీరియడ్లు, తోటలో రెండు పూటలు చాలు, వర్షమాపకం, ఆకుల సంచి మాత్రం ఏడాదంతా సాగాలి. అంతస్తుల పేర్లు అడిగే ప్రశ్న ఒకటి ఉంచండి, తప్పులేదు. దానితో పాటు ఇలాంటిది ఒకటి పెట్టండి: ‘1996 నవంబరు తుపానులో కొబ్బరిచెట్లు పడిపోయిన తోటలో ఆ మరుసటి ఏడాది నేల మీద ఏమేమి మొలిచి ఉంటాయి, ఎందుకు? వర్షారణ్యంలో ఒక పెద్ద చెట్టు కూలినప్పుడు జరిగేదానితో పోల్చండి.’ ఈ ప్రశ్నను వారం ముందే ఇచ్చి, ఇంట్లో తాతయ్యలను, అమ్మమ్మలను అడిగి రమ్మని చెప్పండి.